గేటు లోపల వినపడదు

నేను వినికిడి పరీక్షలు చేస్తాను. పద్నాలుగేళ్ళుగా అదే పని. పెద్దాసుపత్రి కింది అంతస్తులో, బయటి చప్పుడు లోపలికి రాకుండా గోడలకు మెత్తలు తాపడం చేసిన చిన్న గది నాది. ఎవరికి ఎంత వినపడుతుందో కాగితం మీద గీత గీసి పైన డాక్టరుగారికి పంపుతాను. నిజంగా వినపడని మనిషెవరో, వినపడీ విననట్టుండే మనిషెవరో గుమ్మంలో అడుగు పెట్టగానే చెప్పేస్తానని నాకు పేరు. మొగుళ్ళను వెంటబెట్టుకొచ్చే ఆడవాళ్ళలో సగం మందిని పరీక్ష చేయకుండానే వెనక్కి పంపవచ్చు. ఆ మొగుళ్ళ చెవులు భేషుగ్గా ఉంటాయి.

ఇంత గొప్ప చెప్పుకున్నాక అసలు సంగతీ చెప్పాలి. మా అమ్మాయి స్కూల్లో జరిగినదానికి కొందరు చిన్న క్లాసు టీచరమ్మను ఆడిపోసుకుంటున్నారు. ఆ టీచరమ్మ తప్పేమీ లేదు. ఆ ఉపాయం ఆమె చెవిన వేసింది నేను.

అప్పటికి మా అమ్మాయికి నాలుగేళ్ళు నిండలేదు. ఇంట్లో దాన్ని వసపిట్ట అనేవాళ్ళం, ముద్దొస్తే పిట్ట. నిద్ర లేచింది మొదలు నోరు మూతపడేది కాదు. చెప్పులతో మాట్లాడేది, కుళాయితో మాట్లాడేది, నూనె సీసాకు బుద్ధులు చెప్పేది. మా అత్తయ్య కుట్టుమిషను ముందు కూర్చుని దాని కబుర్లకు ఊఁ కొడుతూనే రోజుకు పాతిక దిండు గలీబులు కుట్టేది. ఊఁ కొట్టడం ఒక్క క్షణం ఆలస్యమైతే మిషను చక్రం పట్టుకుని ఆపేసేది మా పిట్ట.

స్కూలు తెరిచే ముందు తల్లిదండ్రులతో మీటింగు పెట్టారు. పరాయి భాష ఏ వయసు నుంచి నేర్పాలన్నది చర్చ. అప్పటిదాకా ఆరో తరగతిలో మొదలయ్యేది. ఇకమీదట మూడో ఏట, చిన్న క్లాసులోనే మొదలుపెడదామని హెడ్మాస్టరు ఆలోచన.

నేను ఆ భాషను పదకొండో ఏట మొదలుపెట్టాను. మార్కులకు ఎన్నడూ లోటు లేదు. ఆసుపత్రి మిషన్లతో వచ్చే పుస్తకాలు ఇప్పటికీ చదివి అర్థం చేసుకుంటాను. మాట్లాడమంటే మాత్రం నాలుక మడత పడుతుంది. ఒకసారి మా మిషను బాగుచేయడానికి ఆ దేశం నుంచి ఇంజనీరు వచ్చాడు. లోపమేమిటో నాకు తెలుసు, దాని పేరూ తెలుసు. అతని ముందు నిలబడి మూగదానిలా చేతులు తిప్పాను. కాసేపటికి అతను నన్ను వదిలేసి మిషనుతోనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాడు. మా ఆయనది ఇంకో కథ. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న మనిషే, ఆ భాష గడగడా వచ్చినందుకు, ఆయన మీద అధికారై కూర్చున్నాడు. పిట్టకు ఆ గతి పట్టకూడదని మేమిద్దరం ఎప్పుడో అనుకున్నాం.

మీటింగుకు బయల్దేరుతూ అత్తయ్యకు నచ్చజెప్పబోయాను. మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు కదా అన్నాను.

ఆవిడ పళ్ళతో దారం తెంపి, "వంగుతుందనే అన్నారమ్మా. విరగదని ఎవరూ అనలేదు" అంది.

పాతకాలపు మనిషిలే అనుకుని చెప్పులేసుకున్నాను.

మీటింగులో సగం మంది అటు, సగం మంది ఇటు. ముందు సొంత భాష కుదురుకోనివ్వండి అన్నవాళ్ళున్నారు. పసివాళ్ళ బుర్రలు తినొద్దు అన్నవాళ్ళున్నారు. నేను లేచి నిలబడ్డాను. పుట్టిన బిడ్డ చెవికి ఏ భాషైనా ఒకటేనని, రోజూ విననివాటిని చెవి మెల్లమెల్లగా వదిలేసుకుంటుందని, తలుపు మూసుకున్నాక తట్టి లాభం లేదని చెప్పాను. చెవుల గురించి చెవుల మనిషి చెబితే ఎదురు చెప్పేదెవరు? చప్పట్లు కొట్టారు. చేతులెత్తమంటే ముప్పావు వంతు చేతులు లేచాయి. మా ఆయన గర్వంగా నా వైపు చూశాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ రోజు నాకు చాలా సంతోషం వేసింది.

తర్వాత టీ తాగుతుంటే చిన్న క్లాసు టీచరమ్మ నా దగ్గరికి వచ్చింది. చదువు ముగించుకుని కొత్తగా చేరిన పిల్ల, మనసు పెట్టి పనిచేసే రకం.

"నేనెంత చెప్పినా పిల్లలు మళ్ళీ మన భాషలోకే జారిపోతారండీ. ఏం చెయ్యాలంటారు?" అని అడిగింది.

పసిపిల్లలకు నేను చేసే పరీక్ష గురించి చెప్పాను. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి, చేతికి చెక్కపూస ఇస్తాం. శబ్దం వినపడగానే పూసను గిన్నెలో వెయ్యాలి. సరిగ్గా వేస్తే మెచ్చుకుంటాం, వెయ్యకపోతే ఊరుకుంటాం. పది నిమిషాల్లో ఎంత మొండిపిల్లైనా దారికొస్తుంది.

"మీరూ అంతే. మన భాషలో అడిగితే వినపడనట్టు ఊరుకోండి. ఆ భాషలో అడిగితే వెంటనే పలకండి. బదులు రాని మాటను పిల్లలు వాళ్ళే వదిలేస్తారు" అన్నాను.

అర నిమిషం పట్టి ఉంటుంది ఈ సలహాకు. కప్పు ఇంకా ఖాళీ కాలేదు.

టీచరమ్మ దాన్ని ఆటగా మార్చింది. చెవుల ఆట అని పేరు పెట్టింది. గేటు దాటి లోపలికి వస్తే మన భాష ఎవరికీ వినపడదు, అదీ ఆట. మంచినీళ్ళు కావాలన్నా, ముక్కు కారుతోందన్నా, పక్క పిల్ల గిల్లిందన్నా కొత్త భాషలోనే చెప్పాలి. రాకపోతే చేత్తో చూపించవచ్చు. మొదటి వారం ఏడుపులు. రెండో వారం ఇద్దరు పిల్లలు లాగులు తడుపుకున్నారు. మూడో నెలకు మా పిట్ట ఆ భాషలో పాలు వద్దంది, దుప్పటి కావాలంది, అద్దంలో చూసుకుని తనను తాను మెచ్చుకుంది. నాకు నలభై ఏళ్ళకు తిరగని పలుకు దాని నోట నీళ్ళలా జారుతుంటే మా ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

నేను తేలిగ్గా తీసుకున్న మొదటి హెచ్చరిక గేటమ్మ దగ్గర నుంచి వచ్చింది. గేటమ్మ అంటే స్కూలు గేటు దగ్గర ఉండే మనిషి. యాభై దాటాయి. పొద్దున్నే పిల్లల్ని దించుకునేది, బూట్ల తాళ్ళు కట్టేది, మధ్యాహ్నం ఎవరి పిల్లను వాళ్ళకు అప్పగించేది. మన భాష తప్ప ఇంకోటి రాదు. నా ఉద్యోగం తెలిసి నన్ను చెవులమ్మా అని పిలిచేది.

"చెవులమ్మా, మీ పిల్లలకు నేను కనపడ్డం మానేశాను" అంది ఒకరోజు నవ్వుతూ. "పలకరిస్తే గోడకు చెప్పుకున్నట్టే ఉంది. నేనెప్పుడో చచ్చిపోయుంటాను, ఎవరూ చెప్పలేదేమో."

నేనూ నవ్వాను. ఆవిడ అప్పటికే నవ్వడం ఆపేసింది.

చలికాలం మొదట్లో నా గదికి ఓ నాలుగేళ్ళ పిల్ల వచ్చింది. పిలిస్తే పలకడం లేదని వాళ్ళమ్మ బెంగ. పరీక్ష చేశాను. చెవులు అద్దంలా ఉన్నాయి. ఆ వారంలోనే ఇంకొకతె. తర్వాత కవల పిల్లలు. అందరి గీతలూ సవ్యంగా ఉన్నాయి, అందరిదీ మా స్కూలే. "మీ వీధి పిల్లలంతా మొండికెత్తారా ఏంటమ్మా" అని డాక్టరుగారు హాస్యమాడారు. నాకు చెవుల ఆట గుర్తొచ్చింది. ఆ తల్లులెవరికీ ఏమీ చెప్పలేదు. చెవులు బాగున్నాయి, ఇంటికి తీసుకెళ్ళండి అన్నాను.

ఐదో పిల్ల మాదే. పరీక్ష చెయ్యమని అత్తయ్య పంపింది.

"గేటు లోపల ఉండగా పిలిస్తే దిక్కులు చూస్తోందమ్మా. గేటు దాటగానే నానమ్మా అని కాళ్ళకు చుట్టుకుంటోంది. అది ఆటో, రోగమో నాకు తెలీదు. నాకు భయమేస్తోంది" అంది.

పిట్టను కుర్చీలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టాను. అద్దం ఇవతల నేను. ఎంత సన్నని శబ్దం వదిలినా పూస గిన్నెలో పడింది. నేను పెద్దదాన్ని, నాకే అనుమానంగా వినపడే శబ్దానికి కూడా వేసింది. ఆఖరున మైకులో మెల్లగా, "పిట్టా, అమ్మ వైపు చూడవే" అన్నాను. చూడలేదు. గొంతు పెంచాను. పూస పట్టుకుని, ఎదుటి గోడను చూస్తూ, ఒద్దికగా కూర్చుంది. మొహంలో మొండితనం లేదు, కొంటెతనం లేదు. పద్నాలుగేళ్ళలో మొదటిసారి ఎదురుగా ఉన్న పిల్లను చూసి ఏమీ చెప్పలేకపోయాను.

బయటికి తీసుకొచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. అమ్మ పిలిస్తే వినపడలేదా తల్లీ అని అడిగాను.

"ఆ తలుపు పెద్దగా ఉందిగా. అది కూడా గేటే అనుకున్నా" అంది.

"గేటైతే ఏం? అమ్మ గొంతు వినపడిందా, లేదా?"

"గేటు లోపల అలాంటివి ఉండవమ్మా" అంది, నాకు తెలియని విషయం చెబుతున్నట్టు.

మర్నాడే స్కూలుకు వెళ్ళాను. టీచరమ్మ నా మాటలు పూర్తిగా విని తెల్లబోయింది.

"మీరు చెప్పినట్టే కదండీ చేశాను" అంది. కోపంతో కాదు, నిజంగా తికమకపడి. "ఇంకో రెండు వారాల్లో పెద్దలు తనిఖీకి వస్తున్నారు. పిల్లలతో పాటలూ మాటలూ అన్నీ సిద్ధం చేశాం. అదయ్యాక ఆట ఆపేస్తాను. మధ్యలో ఆపితే వీళ్ళు ఎటూ కాకుండా పోతారు."

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. "రెండు వారాలే కదే. ఆరు నెలలు ఆగినవాళ్ళం రెండు వారాలు ఆగలేమా?" అన్నాడు. నేను ఆగాను. మొదటి తప్పు తెలియక చేశాను. ఇది తెలిసే చేశాను.

ఆ రెండు వారాలూ రోజూ సాయంత్రం పిట్టను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను. ఎక్కడున్నా సరే అమ్మ పిలిస్తే ఆగాలి, తిరిగి చూడాలి. సరేనంది. చేతిలో చెయ్యి వేసింది. ఇంట్లో పిలిస్తే పరిగెత్తుకొచ్చేది. నా ప్రాణం కుదుటపడినట్టే ఉండేది. కానీ వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉన్నప్పుడు పిలిస్తే ఒక్కోసారి పలికేది కాదు. మా ఇంట్లో తలుపులన్నీ బార్లా తీసి పెట్టడం అలవాటు చేసుకున్నాను.

తనిఖీకి ముందు రోజు అత్తయ్యకు మోకాలు వాచింది. పిట్టను తీసుకురావడానికి నేను వెళ్ళాను. స్కూలు వదిలే వేళ. కుర్చీలూ ఇనుప గొట్టాలూ వేసుకుని వ్యాను ఒకటి ఆవరణలోకి వచ్చింది. వేదిక దగ్గర మేకులు కొడుతున్నారు, ఆ మోతలో ఇంజను చప్పుడు కలిసిపోయింది. వ్యాను వెనక్కి వస్తోంది. దాని దారిలో మా పిట్ట గొంతుక్కూర్చుని, కింద పడిన రంగుకాగితాలు ఏరుకుంటోంది.

గేటమ్మ ముందు చూసింది. "పిట్టా, లేమ్మా, పక్కకు రా" అని కేక పెట్టింది. నేనూ చూశాను. గొళ్ళెం వేసిన గేటు ఊచలు పట్టుకుని, నా గుండెల్లో ఉన్న గాలంతా పెట్టి పిలిచాను. పది అడుగుల దూరం. మేకుల మోత ఎంతైనా ఉండనీ, ఆ దూరానికి నా గొంతు చేరుతుందని నేను కాగితం మీద రాసిస్తాను. చేరింది. నా బిడ్డ భుజాలు కాస్త బిగుసుకోవడం నా కళ్ళతో చూశాను. తల మాత్రం తిప్పలేదు. ఆట తప్పకూడదని అలాగే కాగితాలు ఏరుకుంటోంది.

ఆ భాషలో అరవాలి. ఆ మాట నాకు తెలుసు. దాన్ని ఏయే కాలాల్లో ఎలా వాడాలో పరీక్షల్లో పేజీలు రాశాను. నోరు తెరిచాను. రాలేదు. భయంలో నా నోటికి వచ్చినవన్నీ మా అమ్మ నాకు నేర్పిన మాటలే. అవన్నీ గేటు లోపల లేనివి.

చక్రం పిట్ట దగ్గరకు వచ్చేసరికి గేటమ్మ అక్కడికి చేరుకుంది. రెండు చేతులా పిల్లను ఎత్తి విసిరింది. పిల్ల ఇసుకలో పడింది. గేటమ్మ లేవలేకపోయింది. వ్యాను ఆవిడ కుడికాలు మీదుగా వెళ్ళి ఆగింది.

తర్వాత జరిగిందీ చెప్పాలి. గేటమ్మ పడి ఉండి, ఎవరైనా రండర్రా, నీళ్ళు తెండర్రా అంటోంది. పిల్లలు ఇరవై మంది వరసలో నిలబడి ఉన్నారు. ఒక్క తల కూడా అటు తిరగలేదు. టీచరమ్మ పరిగెత్తుకొచ్చి, ఏడుస్తూ, తనకు తెలియకుండానే మన భాషలో, "లోపలికి వెళ్ళిపోండి, అటు చూడకండి" అంది. వాళ్ళు కదల్లేదు. ఆమె ఏడుస్తోంది, వాళ్ళు మర్యాదగా ఎదురు చూస్తున్నారు.

గేటమ్మ కాలు మోకాలి కింద తీసేశారు.

వారానికి మళ్ళీ మీటింగు పెట్టారు. నేను ముందుగా లేచాను. ఆరో తరగతికి మార్చండి, మూడో తరగతికి మార్చండి, మీ ఇష్టం, సొంత మాట వింటే తప్పని మాత్రం నేర్పకండి అన్నాను. అంతా నా తప్పేనని కూడా చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నదాన్నని నాకు తెలుసు.

"చెవి తలుపు మూసుకుపోతుందని మీరే కదమ్మా చెప్పారు" అన్నాడొకాయన. తనిఖీకి వచ్చిన పెద్దలు ఎంతో మెచ్చుకున్నారని, పక్క వీధి స్కూల్లోనూ, వంతెన అవతలి స్కూల్లోనూ ఇదే ఆట మొదలైందని హెడ్మాస్టరు చెప్పాడు. అసలు లోపం గేటు దగ్గర ఉందని ఇంకొకాయన తేల్చాడు. ఆ భాష వచ్చిన మనిషే అక్కడ ఉండుంటే ఒక్క కేకతో పిల్ల పక్కకు తప్పుకునేది కదా అన్నాడు. అందరూ తలలూపారు. ఇకమీదట గేటు దగ్గర ఆ భాష వచ్చినవాళ్ళనే పెట్టాలని తీర్మానం. చేతులెత్తమన్నారు.

మా ఆయన చెయ్యి లేచింది. తిలాపాపం తలా పిడికెడు. నాకూ పిడికెడు వచ్చింది. సోమవారం నుంచి పిట్ట మళ్ళీ ఆ గేటు లోపలే ఉంటుంది. దాన్ని పిలవగలిగే గొంతు ఒక్కటైనా అక్కడ ఉండాలి. నేనూ చెయ్యెత్తాను.

ఆ రోజు నుంచి ఇంట్లో ఆ మాటలు సాధన చేస్తున్నాను. ఆగు. వెనక్కి చూడు. ఇటు రా. వంట చేస్తూ అంటాను, బట్టలు ఆరేస్తూ అంటాను. ఇప్పుడు నోరు తిరుగుతోంది. పిట్ట పలుకుతోంది కూడా. ఇంట్లోనూ ఆ భాషలోనే పిలుస్తున్నాను, మన భాషలో పిలవాలంటే భయంగా ఉంది. పిలిచాక తిరగకపోతే ఆ క్షణం నేను తట్టుకోలేను. అత్తయ్య ఊఁ కొట్టడానికి ఏమీ లేక మిషను తొక్కుకుంటోంది.

నిన్న మధ్యాహ్నం పిట్టను తీసుకుని గేటమ్మను చూడబోయాను. మా ఆసుపత్రే, పై అంతస్తు. వార్డుకు రెండు రెక్కల పెద్ద తలుపు ఉంది. అది దాటుతుంటేనే పిట్ట మొహం మారడం గమనించాను. గేటమ్మ దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. దుప్పటి ఒకవైపు చదునుగా పడి ఉంది. పిల్లను చూడగానే ఆవిడ మొహం విప్పారింది.

"వచ్చావా నా తల్లీ. దెబ్బలేం తగల్లేదు కదా. ఇలా రామ్మా" అని చెయ్యి చాచింది.

పిట్ట నా పక్కన నిలబడి మంచం కోళ్ళను చూస్తోంది.

"పిట్టా" అంది ఆవిడ మళ్ళీ. "కోపమా నా మీద? గట్టిగా విసిరేశాననా?"

పిట్ట వీపు మీద చెయ్యి వేసి తోశాను, కదల్లేదు. ఇక చేసేది లేక, నా కొత్త నాలుకతో, ఆమె దగ్గరికి వెళ్ళు అన్నాను. వెంటనే వెళ్ళింది. గేటమ్మ దాని తల నిమురుతూ నా వైపు చూసింది. ఆవిడకు అంతా అర్థమైంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును.

"ఆ మాటేదో నాకూ నేర్పు చెవులమ్మా" అంది.

మంచం పక్కన కూర్చుని నేర్పాను. దగ్గరికి రా, అంతే. రెండు ముక్కలు. ఆవిడ నా నోటి వంక చూస్తూ అంది. సరిగ్గా పలకలేదు. మళ్ళీ అంది. యాభై ఏళ్ళ నాలుక, అది వంగదు. ఒళ్ళంతా చెమటలు పట్టినా వదలకుండా, ఆ రెండు ముక్కలూ పిట్ట మొహంలోకి చూస్తూ మళ్ళీ మళ్ళీ అంటూనే ఉంది. పిట్ట ఆవిడ చేతికందేంత దగ్గరలో, చేతులు కట్టుకుని, ఆవిడకు ఎప్పుడు సరిగ్గా వస్తుందా అని ఎదురుచూస్తోంది.